నడక రాని పదమూడు నెలల బాబుకి ఏ బొమ్మలు కొనాలి?

మీరు అడిగింది ఇదీ. బాబుకి పదమూడు నెలలు నిండాయి. సోఫా పట్టుకుని పక్కకి నాలుగడుగులు వేస్తున్నాడు కానీ వదిలి నడవడం లేదు. అత్తగారు వాకర్ కొనమంటున్నారు. మీరేమో ఆన్‌లైన్‌లో ఆరు వేల రూపాయల ‘మాంటిస్సోరి కిట్’ చూసి పెట్టుకున్నారు. రెండిట్లో ఏది కొంటే బాబు కాళ్ళకీ, చేతివేళ్ళకీ మంచిది అని మీ ప్రశ్న. చివర్లో మాటవరసకి అన్నట్టు, ‘అన్నీ ఎడమ చేత్తోనే అందుకుంటాడు, ఎడమచేతి వాటం అనుకుంటా’ అని ఒక వాక్యం రాశారు.

నేను విజయవాడలో పంతొమ్మిదేళ్ళుగా పిల్లలకి ఆక్యుపేషనల్ థెరపీ, అంటే రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం నేర్పే చికిత్స, చేస్తున్నాను. ముందు జవాబు చెప్పేస్తాను. వాకర్ వద్దు. ఆరు వేల కిట్టూ వద్దు. ఈ వయసుకి నాలుగు వస్తువులు చాలు: నిలబడి తోసుకుంటూ వెళ్ళే చెక్క బండి, రెండు చేతులూ పడితేగాని లేవని పెద్ద బంతి, ఓ పది చెక్క దిమ్మలు, ఒక చిన్న స్టీలు పోపుల డబ్బా. బంతి బహుశా మీ ఇంట్లోనే ఉంటుంది. ఎందుకో ఒక్కొక్కటీ చెబుతాను. కానీ వాటికంటే ముందు ఆ ఎడమ చేతి సంగతి చూడాలి.

మీరు మాటవరసకి రాసిన ఆ వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. ఏడాది పిల్లలు మామూలుగా రెండు చేతులూ వాడతారు. వస్తువు ఏ పక్కన ఉంటే ఆ పక్క చెయ్యి వెళ్తుంది. చేతి వాటం తేలడం సాధారణంగా రెండేళ్ళ వయసులో మొదలవుతుంది, గట్టిగా స్థిరపడేసరికి కొందరికి నాలుగేళ్ళు కూడా వస్తాయి. ఏడాదిన్నర లోపే ఒక చెయ్యే అన్ని పనులూ చేస్తుంటే, రెండో చెయ్యి ఎందుకు రావడం లేదో చూసుకోవాలి. చాలామందిలో ఏమీ ఉండదు. అయినా చూపించుకోకుండా వదిలెయ్యకూడదు, ఎందుకంటే ఉన్నవాళ్ళలో అది ఎంత త్వరగా తెలిస్తే అంత మేలు.

ఇంట్లో ఇలా చూడండి. బాబుని మీ ఒళ్ళో ముందుకి తిప్పి కూర్చోబెట్టుకుని, వాడికి ఇష్టమైన బిస్కెట్టు బాగా కుడి పక్కకి పట్టండి. కుడి చెయ్యి వస్తోందా, లేకపోతే ఎడమ చెయ్యే ఒంటికి అడ్డంగా దాటి వస్తోందా? తర్వాత చిన్న దిండు లాంటిది ముందు పెట్టండి, దాన్ని ఎత్తడానికి రెండు చేతులూ వస్తున్నాయా? మెలకువగా ఆడుకుంటున్నప్పుడు కుడి గుప్పిట ముడుచుకునే ఉంటోందా, బొటనవేలు లోపలికి పోయి ఉంటోందా? పాకేటప్పుడు కుడి అరచెయ్యి పూర్తిగా తెరిచి నేలకి ఆనిస్తున్నాడా? ఒక్కసారి చూసి తేల్చుకోకండి, రెండు మూడు రోజుల్లో నాలుగైదుసార్లు చూడండి. కుడి చెయ్యి వస్తుంటే సంతోషం, తర్వాత టీకాకి వెళ్ళినప్పుడు డాక్టరు చెవిన వేస్తే చాలు. రాకపోతే మాత్రం ఈ వారంలోనే పిల్లల డాక్టరుకి చూపించండి.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, ఆరేళ్ళ కిందట ఒక జంట పదకొండు నెలల పాపని నా దగ్గరికి తీసుకొచ్చారు. వచ్చింది పాకడం లేదని. చాప మీద కూర్చోబెట్టి ముందు ఒక గిలక్కాయ పెట్టాను. ఎడమ చేత్తో తీసుకుంది. రెండోది ఇచ్చాను. చేతిలో ఉన్నదాన్ని కింద పడేసి మళ్ళీ ఎడమ చేత్తోనే తీసుకుంది. కుడి చెయ్యి అంతసేపూ ఒళ్ళోనే, బొటనవేలిని లోపల దాచుకుని అలాగే ఉండిపోయింది. ‘మా నాన్నదీ ఎడమచేతి వాటమేనండీ’ అంది తల్లి. పిల్లల నరాల డాక్టరు చూశాక ఆ పక్క పుట్టుకతోనే బలహీనత ఉందని తేలింది. ఏడాది లోపే దొరికింది కాబట్టి ఆ చేతికి పని చెప్పడం అప్పుడే మొదలుపెట్టగలిగాం. ఆ పాప ఇప్పుడు బడికి వెళ్తోంది. ఎడమ చేత్తో రాస్తుంది, కుడి అరచేత్తో నోటుబుక్కు కదలకుండా అదిమి పట్టుకుంటుంది.

ఇంకో మాట. బాబు రెండు చేతులూ బాగానే వాడుతూ కాస్త ఎడమ వైపు మొగ్గు చూపిస్తున్నాడంటే, ఆ చెయ్యి మీద కొట్టి కుడి చేతిలోకి మార్చకండి. ఇంట్లో పెద్దవాళ్ళకీ ఈ సంగతి నెమ్మదిగా చెప్పండి.

ఇక నడక. పదమూడో నెలలో నడవకపోతే ఆలస్యం అయిపోయినట్టేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో కలిపి ఐదు దేశాల్లో ఎనిమిది వందల మందికి పైగా ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని గమనించి 2006లో లెక్కలు ప్రకటించింది. పట్టు లేకుండా నడవడం ఎనిమిదో నెల దాటాక మొదలైనవాళ్ళూ ఉన్నారు, పదిహేడున్నర నెలల దాకా పట్టినవాళ్ళూ ఉన్నారు. మోకాళ్ళ మీద పాకడం అనే దశే లేకుండా నడకలోకి వెళ్ళిన పిల్లలు నూటికి నలుగురు పైనే. సోఫా పట్టుకుని పక్కకి అడుగులు వేస్తున్నాడని రాశారు కదా, నడకకి ముందు మెట్టు అదే. పద్దెనిమిది నెలలు నిండినా నాలుగడుగులు సొంతంగా వెయ్యకపోతే అప్పుడు డాక్టరుని కలవాలి. అంతవరకూ పక్కింటి పాపతో పోల్చుకుని టెన్షన్ పడకండి.

వాకర్ ఎందుకు వద్దంటే, అందులో పిల్లాడి బరువంతా సీటే మోస్తుంది. వాడు మునివేళ్ళతో నేలని తంతాడు, బండి జారిపోతుంది. చూసేవాళ్ళకి నడుస్తున్నట్టే ఉంటుంది. అసలు నడకలో ఒక కాలి మీద బరువు నిలిపి రెండో కాలు ఎత్తాలి, తూలితే నడుముతో సర్దుకోవాలి, పడితే చేతులు ఆన్చుకోవాలి. వాకర్‌లో ఈ మూడింటికీ అవకాశం లేదు. ముందున్న ట్రే అడ్డమై వాడి పాదాలు వాడికే కనిపించవు. అందులో ఎక్కువసేపు గడిపే పిల్లలు నడక ఆలస్యంగా నేర్చుకోవడం నా దగ్గరికి వచ్చేవాళ్ళలో తరచూ చూస్తుంటాను. మునివేళ్ళ మీద నిలబడే అలవాటు పడినవాళ్ళూ ఉన్నారు. ఇక ప్రమాదాల సంగతి. గడప, మెట్లు, కిందకి వేలాడే ఇస్త్రీపెట్టె తీగ, పొయ్యి పక్కన దించిన చారుగిన్నె, వీటన్నిటి దగ్గరికీ వాకర్ పిల్లాణ్ణి క్షణంలో చేర్చేస్తుంది. మనం లేచి వెళ్ళేలోపే అయిపోతుంది. కెనడా 2004లో వీటి అమ్మకాన్నే నిషేధించింది.

అయితే మీ అత్తగారి మాటలో సగం నిజం ఉంది. ఆవిడ చిన్నప్పుడు ఇళ్ళల్లో పిల్లలు నడక నేర్చుకుంది మూడు చక్రాల చెక్క బండితో. పిల్లాడు తనంతట తను నిలబడాలి, కర్ర పట్టుకోవాలి, తోయాలి, అడుగు వెయ్యాలి. బరువు వాడి కాళ్ళ మీదే ఉంటుంది. కాబట్టి ‘వాకర్ వద్దు’ అని ఆవిడతో వాదన పెట్టుకునే బదులు, ‘మీ కాలంలో బండే కొందాం అత్తయ్యా’ అనండి. ఆవిడే దగ్గరుండి తోయిస్తారు.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. ఆ బండి పుట్టింది మట్టి నేల, గచ్చు నేల ఉన్న ఇళ్ళల్లో. చక్రం మెల్లగా కదిలేది. ఇప్పుడు మన ఇళ్ళల్లో నున్నటి టైల్స్. పిల్లాడు కాస్త ఒరిగితే చాలు, బండి ముందుకి జారిపోతుంది, వాడు బోర్లా పడతాడు. నేను చేయించేది ఇదీ: కిలో కందిపప్పు ప్యాకెట్లు రెండు గుడ్డసంచిలో వేసి బండి అడుగున చట్రానికి గట్టిగా కట్టెయ్యండి. మొదటి పది రోజులు డాబా మీదో, ముతక చాప మీదో తోయించండి. కాళ్ళకి సాక్సు, బూట్లు వద్దు. ఇంట్లో ఉత్తి కాళ్ళతోనే నేర్చుకోవాలి, వేళ్ళు నేలని పట్టుకోవడం అలాగే వస్తుంది. బండి దొరక్కపోతే ప్లాస్టిక్ కుర్చీ తిరగేసి ఇచ్చినా తోస్తారు.

చేతుల దగ్గరికి వద్దాం. నాకు బాగా ఇష్టమైన భాగం ఇది. పిల్లల చేతి పట్టు ఒక వరసలో ఎదుగుతుంది. మొదట అరచేతితో గుప్పిట బిగించి పట్టడం, తర్వాత అన్ని వేళ్ళతో గోకినట్టు దగ్గరికి లాక్కోవడం, తొమ్మిది నెలల నుంచి ఏడాది మధ్యలో బొటనవేలు, చూపుడువేలు కొసలతో తీయడం. మనం ముగ్గుపిండి పట్టుకుంటామే, ఆ పట్టు. రేపు గుండీ పెట్టుకోవాలన్నా, పెన్సిలు పట్టాలన్నా పునాది అదే. బొమ్మ కొనేటప్పుడు డబ్బా మీద రాసిన వయసు కంటే, మీ బాబు చెయ్యి ఇప్పుడు ఏ పట్టు దాకా వచ్చింది, తర్వాతది ఏది అని చూసుకోండి.

పోపుల డబ్బా ఎందుకు చెప్పానో ఇప్పుడు అర్థమవుతుంది. నా గదిలో విదేశాల నుంచి తెప్పించిన ఆటవస్తువులు చాలా ఉన్నాయి, కానీ ఏడాది దాటిన పిల్లలు ఎక్కువసేపు కూర్చునేది దీని ముందే. మొన్న ఒక పద్నాలుగు నెలల బాబు దగ్గర పెట్టాను. మొదట మూత. అంచు కింద గోరు దూర్చి లేపడానికి రెండు చేతులూ కావాలి, ఒకటి డబ్బాని ఆపాలి, ఒకటి లాగాలి. మూత లేచి పక్కకి పడి గలగలమంది. వాడు ఆ చప్పుడుకి ఆగి, నవ్వి, లోపలికి చూశాడు. ఏడు గిన్నెలు. అంచు పట్టుకుని ఒక్కొక్కటీ బయటికి తీశాడు, బొటనవేలు లోపల, మిగతా వేళ్ళు బయట. తీయడం తేలిక. తిరిగి పెట్టడంలోనే ఉంది పని అంతా. ఆరు గిన్నెలు ఎలాగో పట్టాయి. ఏడోదానికి చోటు ఉంది కానీ పక్కవి అడ్డం జరిగాయి. వాడు గిన్నెతో వాటిని నెట్టాడు, తిప్పాడు, మణికట్టు వంచి ఒక పక్కగా దించాడు. దిగింది. పన్నెండు నిమిషాలు పట్టింది, నేను ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్ళమ్మ రెండుసార్లు సాయం చెయ్యబోతే ఆపాను.

అలాంటి డబ్బా పిల్లాడికని వేరే కొత్తది కొనండి. వాడుకున్నది ఎంత కడిగినా అంచుల్లో కారం ఉండిపోతుంది, ఆ చేతులు కళ్ళల్లోకి వెళ్తాయి. స్టీలు అంచులు కోసుకునేలా లేవని వేలితో తడిమి చూసుకోండి. గాజు మూత ఉన్నది వద్దు.

చెక్క దిమ్మలు ఇంకో కారణానికి. పట్టుకోవడం కంటే వదలడం కష్టం అని చాలామంది గమనించరు. ఏడాది పిల్లాడు వస్తువుని విసిరేస్తాడు తప్ప ఒక చోట మెల్లగా వదలలేడు. దిమ్మ మీద దిమ్మ పెట్టాలంటే సరిగ్గా ఆ చోట చెయ్యి ఆపి, వేళ్ళు ఒకేసారి తెరవాలి. పదిహేను నెలలకి రెండు దిమ్మలు నిలబెడితే చాలు. ఏడాదిన్నరకి మూడు నాలుగు, రెండేళ్ళకి ఆరు. కూలగొడితే కోప్పడకండి, ఇప్పుడు వాడికి కూలగొట్టడమే ఆట. వడ్రంగి పని చేసేవాళ్ళు తెలిసుంటే టేకు ముక్కలు అయిదు సెంటీమీటర్ల దిమ్మలుగా కోయించి, మూలలు గుండ్రంగా అరగదీయించి, రంగు వెయ్యకుండా ఇవ్వమనండి. దుకాణంలో కొన్నవాటి కంటే బరువుగా ఉంటాయి, అందుకే బాగా నిలబడతాయి.

బంతి గురించి పెద్దగా చెప్పేది లేదు. కొబ్బరికాయంత ఉంటే రెండు చేతులూ వాడక తప్పదు, మీ బాబు విషయంలో అదే కావాలి. కాళ్ళు చాపి ఎదురెదురుగా కూర్చుని దొర్లించండి.

‘మాంటిస్సోరి’ అని డబ్బా మీద ఉన్నంత మాత్రాన దానికి ప్రత్యేకమైన అర్హత ఏమీ వచ్చినట్టు కాదు. ఆ పేరు ఏ కంపెనీ అయినా పెట్టుకుంటోంది. ఈ పేరుతో ఉన్న బోధన పద్ధతిని రూపొందించిన ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి రెండో ప్రపంచ యుద్ధం ముగిసేదాకా మన దేశంలోనే ఉండి ఉపాధ్యాయులకి శిక్షణ ఇచ్చారు. నీళ్ళు ఒంపడం, తుడవడం, గుండీలు పెట్టడం లాంటి ఇంటి పనులే పిల్లల చేతికి ఇవ్వాలన్నది ఆ పద్ధతిలో ముఖ్యమైన మాట. అది ఆరు వేలు పెట్టకుండానే మీ ఇంట్లో జరుగుతుంది. కిట్లతో నాకున్న అసలు ఇబ్బంది ఏమిటంటే, పన్నెండు వస్తువులు ఒకేసారి వస్తాయి, అందులో నాలుగు మీ బాబుకి ఇప్పటికే పాతవి, నాలుగు ఏడాది తర్వాత పనికొచ్చేవి.

ఎక్కువ వస్తువులు ముందుంటే పిల్లలు ఒకదాని మీద నిలవరు. అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయం వాళ్ళు 2018లో ప్రచురించిన ఒక చిన్న పరిశీలనలో, నాలుగు బొమ్మలు ఇచ్చినప్పుడు పిల్లలు ఒక్కోదానితో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. పదహారు ఇచ్చినప్పుడు దీని మీద నుంచి దాని మీదికి మారుతూ పోయారు. పుట్టినరోజుకి వచ్చినవన్నీ బయట పెట్టకండి. నాలుగైదు ఉంచి మిగతావి అటక మీద పెట్టి, రెండు వారాలకోసారి మార్చండి. పాత బొమ్మే కొత్తదానిలా ఆడతారు.

బ్యాటరీతో పాడుతూ, వెలుగుతూ తిరిగే బొమ్మల మాట. మీట నొక్కితే పని అంతా బొమ్మ చేస్తుంది, పిల్లాడు చూస్తాడు. అలాంటిది ఇంట్లో ఒకటి ఉన్నా నష్టం లేదు, కానీ చేతికి పని చెప్పేది అది కాదు. నాకు నిజంగా భయం వేసేది దాని లోపలి బటన్ సెల్. తిరునాళ్ళలో, రోడ్డు పక్కన కొన్న బొమ్మల్లో సెల్ మూతకి స్క్రూ ఉండదు, గోటితో ఊడొస్తుంది. ఆ సెల్ మింగితే, అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలిపోతుంది. మింగాడని అనుమానం వచ్చినా సరే, మలంలో పోతుందిలే అని ఇంట్లో కూర్చోకండి, ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెంటనే పరుగెత్తండి. బలమైన చిన్న అయస్కాంతాలూ, నీళ్ళల్లో వేస్తే ఉబ్బే రంగు పూసలూ కూడా ఇంట్లోకే రానివ్వకండి.

సైజు కొలవడానికి తేలిక దారి పది రూపాయల నాణెం. దాని అడ్డం 27 మిల్లీమీటర్లు. మూడేళ్ళ లోపు పిల్లల బొమ్మలు గొంతుకి అడ్డం పడతాయేమో పరీక్షించే గొట్టం వెడల్పు దాదాపు 32, అందులో పట్టేది ఏదైనా ప్రమాదమే. అంటే నాణెం కంటే కాస్త పెద్దగా ఉన్నవి కూడా గొంతుకి అడ్డం పడేవే. గోళీలు, గవ్వలు, చింతపిక్కలు, పూసలు మూడేళ్ళు దాటేదాకా వద్దు. బంతి అయితే టెన్నిస్ బంతి కంటే చిన్నది ఇవ్వకండి. వేళ్ళ పని కోసమని శనగలు, పల్లీలు గిన్నెలో పోసి ఇచ్చే వీడియోలు తిరుగుతున్నాయి, దయచేసి ఆ పని చెయ్యకండి. ఊపిరితిత్తుల్లోకి పోయిన పల్లీ బద్ద తీయించుకొచ్చిన పిల్లలు నా దగ్గరికే ఇద్దరు వచ్చారు. ఏరుకునే పట్టుకి మరమరాలు చాలు, నోట్లో మెత్తబడిపోతాయి. అవి కూడా కూర్చోబెట్టి, మీరు ఎదురుగా ఉన్నప్పుడే.

మన చెక్క బొమ్మల్లో ఏవి మంచివని అడుగుతుంటారు. నోట్లో పెట్టుకునే వయసుకి ఏటికొప్పాకవి నాకు ఇష్టం. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ చెక్కి, లక్కలో మొక్కల రంగులు కలిపి పూస్తారు. మూలలు ఉండవు, చేతికి నున్నగా ఉంటాయి. గిలక్కాయ, కర్రకి గుచ్చే రింగులు తీసుకోండి. రింగులు ఆ నాణెం కంటే బాగా పెద్దవిగా ఉండాలి. అదే పేరుతో మామూలు రంగులు పూసినవీ అమ్ముతున్నారు కాబట్టి తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి, రంగు అంటితే పిల్లాడికి ఇవ్వకండి. కొండపల్లి బొమ్మలు తేలికైన పొణికి కర్రతో చేసి, ముక్కలు అతికించి, పైన రంగులు వేసినవి. బొమ్మల కొలువులో పెట్టుకుందాం, ఏడాది పిల్లాడి చేతికి వద్దు. కంపెనీ బొమ్మ ఏది కొన్నా ఐఎస్ఐ గుర్తు చూడండి, 2021 జనవరి నుంచి అది తప్పనిసరి. ఫలానా ఊరి ప్రత్యేకత అని ప్రభుత్వం ఇచ్చే భౌగోళిక గుర్తింపు ఉన్న చేతివృత్తుల బొమ్మలకి మాత్రం ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది, అందుకే ఏటికొప్పాక బొమ్మ మీద ఆ గుర్తు కనిపించకపోవచ్చు.

ఏడాదిన్నర దాటాక లావుపాటి క్రేయాన్లు, చేతినిండా చపాతీ పిండి. రెండేళ్ళకి బట్టల క్లిప్పులు చెంబు అంచుకి పెట్టించడం, తాడు కట్టిన బండి లాగించడం. మూడు దాటాక పెద్ద పూసలు గుచ్చడం, మొద్దు కత్తెర. ఇవి అప్పుడు మాట్లాడుకుందాం, ఇప్పుడే కొని పెట్టుకోకండి.

ముందు ఆ బిస్కెట్టు పరీక్ష చెయ్యండి. అనుమానం ఉండి, ప్రైవేటులో ఖర్చు గురించి ఆలోచిస్తుంటే, ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో నడిచే డీఈఐసీ కేంద్రాల్లో (ఎదుగుదల సమస్యల్ని తొందరగా గుర్తించి చికిత్స చేసే చోట్లు) పిల్లల డాక్టరు, థెరపిస్టు ఉచితంగా చూస్తారు. అంగన్‌వాడీ టీచరుని అడిగినా దారి చెబుతారు. కుడి చెయ్యి ఎలా వచ్చిందో, గుప్పిట ఎలా ఉందో ఇక్కడే రాయండి, చూసి జవాబిస్తాను.